కుండ కింది అడుగు

మా మేనమామ పోయాడన్న కబురు కోయంబత్తూరు పక్కన నేనుండే పీలమేడుకు పత్తి బళ్ళతో వచ్చింది. తిరుమంగళం నుంచి వచ్చిన బండివాడు ముందు ఎద్దులను విప్పి, నీళ్ళు తాగించి, ఆ తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"మీ మామ పోయినారు సామీ. పొద్దున చేనికి పోయి వచ్చినారంట. తిన్నె మింద పండుకున్నోరు లేవలేదు."

ఆ సాయంత్రం నేను పురాణం చెప్పవలసి ఉంది. జనం కూర్చున్నారు. పుస్తకం విప్పి, మళ్ళీ మూసి, మామ గురించి చెప్పాను. అప్పుడు చెప్పకుండా వదిలేసింది ఇక్కడ రాస్తున్నాను. నా ఉపన్యాసాలు విని, పాపం చేసినవాడి మీద నేను నిప్పులు కురిపిస్తానని అనుకునే చదువరులు ఇది తప్పక చదవాలి.

కుంపిణీ కాలం నుంచి మామ తిరుమంగళం తాలూకాలో ఒక ఊరికి మునసబు. చిన్న దొంగతనాలు, తన్నులాటలు ఆయనే విచారించేవాడు. పెద్దవాటిని రాసి తాలూకా కచేరీకి పంపేవాడు. చిన్న నేరం చేసినవాణ్ణి కొన్ని గంటలు కాలు బిగించి కూర్చోబెట్టే బొండకొయ్య ఆయన తిన్నె పక్కనే ఉండేది. దొరతనం చేతులు మారి, నేరాలకు కొత్త చట్టం వచ్చినప్పుడు, ఆ చట్టంలో పరీక్ష నెగ్గినవాళ్ళకు కచేరీల్లో ఉద్యోగాలు ఇస్తారని తెలిసింది. నాకు అప్పటికి ఇరవై ఏళ్ళు దాటాయి. బడి మొహం చూడలేదు. పురాణాలు చదువుతూ అక్షరం నేర్చుకున్నవాణ్ణి. ఏ పాపానికి ఏ నరకమో గుక్క తిప్పుకోకుండా చెప్పగలను. ఏ నేరానికి ఏ శిక్షో నేర్చుకోవడం ఎంత పని అనుకుని మామ దగ్గరికి చదువుకు వెళ్ళాను.

వెళ్ళిన రోజే ఆయన బొండకొయ్య చూపించాడు. మేనల్లుణ్ణి అక్కడ మాప్పిళ్ళ అంటారు.

"చదువుకొనే దానికి వచ్చినావు, సరి. ముందు ఒక పూట దీంట్లో కాలు పెట్టి కూర్చో మాప్పిళ్ళే. నేనూ కూర్చున్నోణ్ణే. మా నాయన కూర్చోబెట్టినాడు."

"నేను దొంగనా మామా?"

"దొంగవైతే నేర్పాల్సిన పని లేదు. వాడికి తెలుసు."

నేను కూర్చోలేదు. గురువు శిష్యుణ్ణి అవమానించకూడదని శాస్త్రం చెప్పాను. ఆయన నవ్వి, భోజనానికి లేవమన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పొద్దున నేను చట్టం చదివి వినిపించేవాణ్ణి. ఆయన తమలపాకు ఈనెలు తీస్తూ వినేవాడు. ప్రతి సెక్షనుకూ ఒకే ప్రశ్న అడిగేవాడు. "ఇది ఆ మనిషే చేసినాడని నీకెట్ల తెలుసు?" అది పుస్తకంలో లేదని విసుక్కునేవాణ్ణి. ఒకసారి నరకాల లెక్క ఏకరువు పెడితే అంతా విని ఇలా అన్నాడు: "యముడికేం రా, పక్కన కూర్చుని అంతా చూసి రాసేవాడు ఒకడున్నాడు. వాడు తప్పు రాయడు. మనకెవరున్నారు?"

ఆ ఏడు వాన వెలిసిన మర్నాడు ఒక రైతు ఎద్దు పోయింది. మామ కచేరీ పని మీద తిరుమంగళంలో ఉన్నాడు. చేనిగట్టు దగ్గర బురదలో దొంగ అడుగు ఒకటి స్పష్టంగా పడింది. తలారి దాని మీద కుండ బోర్లించాడు. అక్కడ అది ఆచారం. గాలీ పశువూ చెరపకుండా కుండ కాపాడుతుంది. మామ వచ్చేదాకా ఆగుదామన్నాడు తలారి. రెండు రోజులు ఆగాను. మూడో రోజు నా వల్ల కాలేదు. కుండ ఎత్తి, తాటాకు ముక్కను ఆ అడుగు పొడవుకు సరిగ్గా కత్తిరించి, ఊళ్ళో అనుమానం ఉన్నవాళ్ళ పాదాలకు పెట్టి చూశాను. ఒక గొర్రెల కాపరి పాదానికి అతికినట్టు సరిపోయింది.

"నాకు తెలీదు చిన్నయ్యా. నేను ఆ పక్కకే పోలేదు."

"నీ కాలు చెప్తోంది, నువ్వు చెప్పేదేముంది?"

అతన్ని బొండలో వేయించాను. చుట్టూ చేరిన జనానికి దొంగతనం గురించి గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. కచేరీకి పంపాల్సిన కాగితం కూడా రాసేశాను. అది వెళ్తే అతనికి కొరడా దెబ్బలు, జైలు తప్పవు.

పొద్దు వాలేవేళకు మామ వచ్చాడు. ముందు కాపరి కాలు విడిపించి, తిన్నె మీద కూర్చోబెట్టి, కూడు పెట్టించాడు. తర్వాత తాటాకు ముక్క అడిగి చూశాడు.

"ఎప్పుడు కొలిచినావు?"

"ఇవాళ."

"మీ కోయంబత్తూరు పక్కది ఎర్రమన్ను కదా," అన్నాడు. ఇంకేం తిట్టలేదు.

మర్నాడు పొద్దున పెరట్లో నల్లరేగడి తడిపి, కాలు మోపాడు. ఎప్పుడో గడ్డపార పడి ఆయన ఎడమకాలి చిటికెన వేలు పోయింది. నాలుగు వేళ్ళ అడుగు పడింది. నా చేతనే కొలిపించి, దాని మీద కుండ బోర్లించాడు. "మూడు ఎండలు కాయనీ. అందాకా ఈయన ఇక్కడే ఉంటాడు. కాగితం నీ దగ్గరే ఉండనీ."

"నా గొర్రెలు సామీ?" అన్నాడు కాపరి.

"మా మాప్పిళ్ళ ఉన్నాడు కదా, మేపుతాడు. చట్టం గొర్రెలకు చదివి చెప్తాడు."

మూడు రోజులు మేపాను. అవి నా మాట ఒక్కటీ వినలేదు. సాయంత్రం తోలుకొస్తే కాపరి ఒక్కో గొర్రెనూ తడిమి చూసుకునేవాడు.

మూడో ఎండ తర్వాత కుండ ఎత్తాం. అడుగు చుట్టూ నేల నెర్రెలు విచ్చింది. కొలిచాను. మామ అడుగు వేలి వెడల్పంత కురచయింది. మళ్ళీ కొలిచాను. అంతే వచ్చింది. రేగడి తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఎండిన అడుగుకు కాపరి పాదం సరిపోయిందంటే, అడుగు వేసినవాడి పాదం అతనిదానికంటే వేలి వెడల్పంత పెద్దది. అక్కడ పుట్టిన పిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. పరీక్షకు చదివినవాడికి తెలియలేదు.

నా కాగితం నేనే చించాను. "ఇప్పుడేం రాయను?" అని అడిగాను.

"దొంగ తెలీలేదని రాయి. అది రాయను చేతగాకనే చానామంది తప్పు రాసేది."

ఆ మధ్యాహ్నం ఎవరూ చెప్పకుండానే బొండకొయ్యలో కాలు పెట్టుకుని కూర్చున్నాను. తలారి బిగించాడు. కాసేపటికే మడమ నుంచి తొడ దాకా నొప్పి పాకింది. గొర్రెలను తోలుకుపోతూ కాపరి ఆగాడు.

"కాలు కొంచెం పక్కకు తిప్పి పెట్టుకోండి చిన్నయ్యా. అట్లయితే అంత నొయ్యదు."

నేను బొండలో వేయించిన రోజున అతను నేర్చుకున్నది అది.

పరీక్ష నెగ్గాను. ఉద్యోగానికి పోలేదు. మామకు అది నచ్చలేదు. "తప్పు చేసి చూసినోడు కచేరీలో ఉండాల. నువ్వు వదిలేస్తే, చూడనోడు వచ్చి కూర్చుంటాడు," అన్నాడు. అయినా పురాణ పుస్తకం పట్టుకుని ఊళ్ళు తిరుగుతున్నాను. పాపం గురించి గట్టిగానే మాట్లాడతాను. ఫలానావాడు పాపి అని మాత్రం నా నోట రాదు. ఆ తాటాకు ముక్క నా పుస్తకంలో పేజీ గుర్తుగా ఉంది.

పదకొండో రోజుకు ఊరు చేరాను. కర్మలు అయ్యాక చేనివైపు నడిచాను. గట్టు దగ్గర ఒక ముసలివాడు కర్ర ఆనించుకుని కూర్చున్నాడు. గొర్రెలు దూరంగా మేస్తున్నాయి. అతని ముందు నేల మీద ఒక కుండ బోర్లించి ఉంది.

"ఆ పొద్దు నేల తడిగా ఉండె," అన్నాడు కాపరి. "సామి ఇట్లనే పోయినారు. కబురు తెలిసినాక వచ్చి మూసి పెట్టినాను. ఎత్తి చూస్తారా చిన్నయ్యా?"

ఎత్తాను. ఎండి, నెర్రెలిచ్చి, ఆయన పాదం కంటే కురచయిన నాలుగు వేళ్ళ అడుగు.

"కొలుస్తారా?"

పుస్తకం చంకలోనే ఉంది. తీయలేదు. కుండ మళ్ళీ బోర్లించి, గాలికి కదలకుండా దాని చుట్టూ మట్టి ఎగదోశాను. కాపరి తన పక్కన చోటు ఇచ్చాడు. గొర్రెలు తిరిగొచ్చేదాకా అక్కడే కూర్చున్నాం.