ముగ్గు చేప వంటిల్లు

నైట్ డ్యూటీ దిగి వస్తే కృపక్క ఇదివరకు ఎవరినీ పలకరించేది కాదు. గుమ్మం బయటే చెప్పులు విడిచి, మెట్ల పక్క కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, స్నానం చేసి, విడిచిన బట్టలు మరిగే నీళ్లలో పడేశాకే మనుషుల్లో పడేది. ఇప్పుడలా కాదు. భుజాన సంచీ ఉండగానే ఎదురుగా ఉన్న మా తలుపు తోసుకొచ్చి, హాల్లో అక్వేరియం ముందు వంగి చేప పొట్ట చూస్తుంది. చూశాకే ఇంటికి వెళ్లి స్నానం.

మాది మాదాపూర్. సైబర్ టవర్స్ కొత్తగా తెరిచిన రోజులు. చుట్టూ ఇంకా బండలు పేలుస్తూనే ఉన్నారు, కిటికీ తీస్తే ఇంట్లో పిడికెడు దుమ్ము. మేమంతా ఆ దుమ్ముతో రాజీపడ్డాం గానీ కృపక్క పడలేదు. ఆవిడది మెదక్ దగ్గర పల్లె. తనకు ఊహ తెలియక ముందే తల్లి పురిట్లో పోయిందట, మంత్రసాని చేతులు కడుక్కోక చీము పట్టి. మిషన్ ఆసుపత్రిలో నర్సు చదువు చదివి, అప్పటినుంచీ పెద్ద దవాఖానలోనే చేస్తోంది. ఆవిడ వార్డులో మంచం కోడు కింద వేలు పెట్టి గీసినా మట్టి అంటదని చెప్పుకుంటారు. ఆవిడ భర్త ఇమ్మాన్యుయేల్ గారు ఆర్టీసీ డ్రైవరు. "మా ఇంట్ల నీళ్లు సుత స్నానం చేసినంకనే కుండలకు పోతయమ్మా" అంటారు నవ్వుతూ.

మా ఆయన రామబ్రహ్మం గారు జీడిమెట్లలో మందుల కంపెనీలో కెమిస్టు. ఉప్పునీటి అక్వేరియం ఆయన పిచ్చి. విశాఖ వెళ్లే కంపెనీ లారీలో క్యాన్లు పంపి సముద్రపు నీళ్లు తెప్పించేవారు. మద్రాసు నుంచి తెచ్చుకున్న చేప ఒకటుంది, నీలం ఒంటి మీద నారింజ రంగు మెలికలు, వాకిట్లో ముగ్గు తీర్చినట్టు. అందుకే దాన్ని ముగ్గు చేప అన్నాను. దానికో తిక్క. దుకాణంలో దొరికే పొడి మేత ముట్టదు. రాళ్ల మీద పాకే చిన్న చిన్న పురుగులే ఏరుకు తింటుంది.

ఆ పురుగుల కోసమే ఆయన ఒక డబ్బా కట్టించారు. పారదర్శకమైన ప్లాస్టిక్ షీటుతో చేసింది, తొట్టి వెనక అంచుకి కొక్కేల్లా తగిలించి ఉంటుంది. చిన్న మోటారు తొట్టిలోంచి నీళ్లు అందులోకి తోస్తుంది. అందులో సముద్రపు నాచు గుబురుగా ఉంటుంది. నాచు నీటిలోని చెడు పీల్చుకుంటుంది, పురుగులు ఆ గుబురులో పిల్లలు పెడతాయి, చేప నోరు అక్కడికి చేరదు. నీళ్లు అంచు దాటి తొట్టిలోకి జారేటప్పుడు కాసిని పురుగులు కూడా జారతాయి. అదే చేపకి భోజనం. దాన్ని రెఫ్యూజియం అనేవారాయన. నాకు నోరు తిరిగేది కాదు, వెనక డబ్బా అనేదాన్ని.

ఆయన ఉన్నట్టుండి పోయారు. కంపెనీ బస్సు దిగి ఇంటికి నడిచొస్తూ పడిపోయారు. పెద్దకర్మ అయ్యాక చుట్టాలందరూ వెళ్లిపోయారు. నేను మంచం దిగలేదు. వండింది, ఊడ్చింది, నా తల దువ్వింది కృపక్కే. తర్వాత చూడవచ్చిన మా అత్తవారి వైపు వాళ్లు ఆవిడ చేతి వంటేమిటని సణిగితే, ఆకలికి కులం లేదు లెండి అని ఊరుకోబెట్టింది.

ఒక మధ్యాహ్నం నన్ను చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకొచ్చింది. వెనక డబ్బా తళతళా మెరుస్తోంది. దింపి, నాచు తీసి చెత్తబండిలో వేసి, వేడినీళ్లతో సోడాతో తోమి, మేడ మీద ఎండబెట్టి మళ్లీ తగిలించింది. మోటారు కూడా వేసింది. "గిన్ని పురుగులు పట్టిన డబ్బా ఇంట్ల పెట్టుకుంటరా రత్నా? చావు జరిగిన ఇల్లాయె" అంది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. మెచ్చుకున్నాననుకుని నా భుజం తట్టింది. ఆవిడ అంత కష్టపడ్డాక ఏమనగలను.

కానీ చేప చిక్కిపోవడం మొదలెట్టింది. ముందు పొట్ట లోపలికి పోయింది, తర్వాత తల వెనక గుంట పడింది. రాళ్ల మీది పురుగులన్నీ తినేసి, ఖాళీ రాళ్లనే పొడుచుకుంటూ తిరిగేది. ఆయన చేతి మీద బతికిన ప్రాణి ఇంట్లో అదొక్కటే. దానికి జబ్బు చేసిందేమో, మందు చెప్పమంటావా అని కృపక్కే అడిగింది. అప్పుడు చెప్పక తప్పలేదు. ఆయన నాతో అన్న మాటే చెప్పాను. "అది మురికి కాదక్కా. అది దాని వంటిల్లు."

కృపక్క సోఫా అంచున కూర్చుంది. చాలాసేపు తన అరచేతుల వంక చూసుకుంది.

"అంటే దాని పొయ్యి నేనే ఆర్పిన్నా?"

లేదక్కా అన్నాను గానీ ఆ అబద్ధం నాకే వినిపించలేదు. ఆవిడ లేచి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్న ఇమ్మాన్యుయేల్ గారొచ్చి, మీ అక్క విశాఖ బండెక్కిందని చెప్పారు. పండగకీ జ్వరానికీ సెలవు పెట్టని మనిషి చేపకి సెలవు పెట్టిందని సూపరింటెండెంటమ్మ ముక్కున వేలేసుకుందట.

విశాఖలో కృపక్క చెల్లెలుంది. ఇద్దరూ సముద్రం వెనక్కి తగ్గే ఆటు వేళ చూసుకుని రాళ్లలోకి దిగారట. నాచు కోసి, పురుగులు కనపడినచోటల్లా దాన్ని మొదలంటా పీకి, సముద్రపు నీళ్లతో సహా పాలక్యాన్‌లో వేసింది కృపక్క. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో నిద్ర పోలేదు. క్యాన్ మూత తీసి, టీ చల్లార్చినట్టు గ్లాసుతో నీళ్లు ముంచి పైనుంచి పోస్తూ కూర్చుంది, పురుగులకి గాలి ఆడాలని. ఎదురు సీటు ఆవిడ వాసనకి ముక్కు మూసుకుని, ఏం పచ్చడమ్మా అది అని అడిగితే, "పచ్చడి గాదు. మా తమ్ముని తోట" అని చెప్పిందట. మా ఆయన్ని ఆవిడ తమ్ముడనే పిలిచేది.

వస్తూనే కాళ్లు కూడా కడుక్కోకుండా నాచుని డబ్బాలో సర్దింది. ఒక గుప్పెడు తొట్టిలో రాళ్ల మధ్య కూడా పెట్టింది. ఇద్దరం నేల మీద కూర్చున్నాం. చేప మూలనే ఉంది, మొప్పలు తప్ప ఏదీ ఆడటం లేదు. కృపక్క పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన అనుకుంటాను. నేనూ మనసులో దణ్ణం పెట్టుకున్నాను. చివరికి చేప కదిలింది. నాచు దాకా వచ్చి, తల వంచి, ఒక్క పోటు పొడిచింది. ఆగింది. మళ్లీ పొడిచింది.

కృపక్క నా భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. ఆయన పోయాక ఒకరు నన్ను ఓదార్చడమే గానీ, నేను ఒకరిని ఓదార్చడం అదే మొదలు. ఆవిడ వీపు నిమురుతూ కూర్చున్నాను. ఆ పూట నాకు ఆకలేసింది. అడిగి పెట్టించుకుని తిన్నాను.

ఇప్పుడు చేప పొట్ట గుండ్రంగా ఉంది. డబ్బాలో నాచు ఆయన ఉన్నప్పటికన్నా ఒత్తుగా పెరిగింది.

నిన్న శనివారం. ఆదివారం చర్చికి వెళ్లేముందు రెండిళ్లూ తుడవడం కృపక్కకి అలవాటు. తొట్టి ముందు అద్దం తుడిచింది, స్టాండు తుడిచింది, వెనక్కి వెళ్లింది. డబ్బా అంచు మీద ఉప్పు తెల్లగా పేరుకుంది. పక్క అద్దానికి పచ్చటి జిగురు పట్టి, దాని మీద చుక్కల్లాంటి పురుగులు పాకుతున్నాయి. గుడ్డ పట్టుకున్న చెయ్యి అక్కడి దాకా వెళ్లి ఆగింది. నేను చూస్తూనే ఉన్నాను.

"జర చాయ్ పెట్టు రత్నా" అంది. గుడ్డ మడిచి పక్కన పెట్టి కూర్చుంది. డబ్బాని అలాగే వదిలేసింది.