మామ బొటనవేలు, నా స్లైడర్

మా మేనమామకు రాయచోటి దగ్గర చీనీ, అంటే బత్తాయి తోట ఉంది. నేను కడపలో ఇంటి నుంచే పనిచేస్తూ మొబైల్ యాప్‌లు తయారుచేస్తాను. ఒక ఏడాది మా కంపెనీ బోరు మోటారును ఫోన్‌తో నడిపే యాప్ మొదలుపెట్టింది. మోటారు ఎన్ని నిమిషాలు తిరగాలో చెప్పడానికి తెరమీద ఒక గీత, దానిమీద గుండ్రటి గుండీ. గుండీని పక్కకు జరిపితే నిమిషాలు పెరుగుతాయి. ఆ స్లైడర్ నా చేతి పనే. పెసరగింజంత గుండీ, వెంట్రుకంత గీత. ఎంత ముద్దుగా ఉందో అని నాలో నేనే మురిసిపోయాను.

మొదట వాడి చూడమని మామకే ఇచ్చాను. నలభై ఏళ్లుగా పార పట్టిన చేతులు ఆయనవి. బొటనవేలు కాయగాచి, పగుళ్లలో ఎర్రమన్ను ఎప్పుడూ ఉంటుంది. ఆయన వేలుపెట్టి లాగారు. గుండీ కదల్లేదు. తువ్వాలుతో వేలు తుడుచుకుని లాగారు. నాలుకతో తడి చేసుకుని లాగారు. చివరికి ఫోన్ తిరగేసి చూసి, గుండీని మేకు కొట్టి బిగించానా అని అడిగారు. వేలి కొసతో నెమ్మదిగా తాకాలని నేను పాఠం మొదలుపెట్టాను.

మామ కోప్పడలేదు. "అల్లుడా, నా ఏలు ఇట్లే ఉండాది. దీన్ని యాడికి తీస్కపోయి చెక్కించుకునేది? నీ గుండీనే ఏమన్నా చేసేకవుతాదేమో చూడు" అన్నారు.

గుండీని పెద్దది చేస్తే అందం పోతుందని నా బాధ. అందుకని దాన్ని అలాగే ఉంచి, చుట్టూ వేలి తాకిడిని పట్టుకునే చోటును మాత్రం కనబడకుండా పెంచాను. ఎందుకైనా మంచిదని ఇంకాస్త పెంచాను. చూడ్డానికి పెసరగింజే, తాకితే సగం తెర. వేలు ఎక్కడ పెట్టినా దొరుకుతోందని మామ సంబరపడ్డారు. ఆ పూట అత్త చేసిన ఉగ్గాని, బజ్జీ రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

నాలుగో రోజు అత్త ఫోన్ చేసింది. ముందురోజు మామ, యాప్‌లో కింద ఇంకా ఏముందో చూద్దామని తెరను పైకి తోశారట. వేలు నా విశాలమైన చోటులో పడి, ఇరవై నిమిషాలు కాస్తా మూడు గంటలైంది. అది చూసుకోకుండా ఆయన బండేసుకుని ఊళ్లోకి వెళ్లిపోయారు. తిరిగొచ్చేసరికి చెట్ల పాదులన్నీ పొర్లి, తోటంతా చెప్పులు ఊడేంత బురద.

"మొన్న మీ మామ పట్టుకుందామంటే దొరకల్యా. ఇప్పుడు ఊరికే పక్కన పోతాన్నా అదే పట్టుకుంటాంది. మీ ఆఫీసులో అందరూ ఇట్లే చేస్తారా, నువ్వొక్కనివేనా?" అంది అత్త.

నాకు శానా సిగ్గేసింది. ఆదివారం స్కేలు, స్టాంపు ప్యాడు పట్టుకుని తోటకు వెళ్లాను. మామ బొటనవేలి ముద్ర, అత్త చూపుడువేలి ముద్ర కాగితం మీద వేయించి కొలిచాను. అల్లుడు తోట రాయించుకుని పోయాడని మామ కనబడిన ప్రతివాళ్లకూ చెప్పి నవ్వించారు.

తాకే చోటును ఆయన బొటనవేలికి సరిపోయే మేరకు తగ్గించాను. వేలు పక్కకు కదిలితేనే నిమిషాలు మారేటట్టు, పైకీ కిందికీ కదిలితే తెర మాత్రమే జరిగేటట్టు రాశాను. గంట దాటితే, నిజంగానే కావాలా అని అడిగేటట్టు పెట్టాను. పనిలో పనిగా గుండీని కూడా పెంచాను. గీత లావైంది. అందం తగ్గిందని నేను తప్ప ఎవరూ అనుకోలేదు.

ఆ తర్వాత ఒక్కసారి కూడా పాదులు పొర్లలేదు. కాకపోతే ఆ కొలతల రోజున స్లైడర్ జరపడం అత్త చక్కగా నేర్చుకుంది. మరునాటి నుంచి ఫోన్ ఆమె దగ్గరే. మామ తోటలో నిలబడి నీళ్లు వదలమని కేకేస్తే, ముందు ఇంత కరివేపాకు కోసుకురమ్మంటోందట.