చేతులు ఒళ్ళో పెట్టించిన సుగుణక్క

మిర్యాలగూడలో రైస్‌మిల్లు యంత్రాలకు కంట్రోల్ కార్డులు చేసే చోట నా ఉద్యోగం. కిటికీలోంచి తవుడు వాసన, బల్ల మీద సోల్డరింగ్ పొగ. లాప్‌టాప్ ‘డుంగ్’మని మోగి, తెర మీద ‘చిప్ దొరకలేదు’ అని పడగానే నా చేతులు వాటంతటవే ఒళ్ళోకి వచ్చేస్తాయి. పక్కవాళ్ళు నవ్వుకుంటారు. నాకు ఆ అలవాటు చేసింది సూర్యాపేట సుగుణక్క.

అక్క బోరు మోటార్ల ఆటో స్టార్టర్లకు కార్డులు చేసేది, చెడినవి బాగుచేసేది. కోదాడ నుంచి రోజూ బస్సులో వెళ్ళి ఆవిడ దగ్గర పనిచేసేదాన్ని. డిప్లొమా పాసయ్యానన్న పొగరు కూడా నాతోపాటే బస్సెక్కేది. ఆవిడ చదివింది పదో తరగతి. మిగతాదంతా విప్పి చూసి నేర్చుకుంది. అంతుపట్టని రిపేరు వస్తే చాలు, ముఖం వెలిగిపోయేది.

ఒకసారి చివ్వెంల రైతు యాదగిరి చెడిన కార్డు బాగుచేయమని ఇచ్చిపోయాడు. అది లేనిదే ఆయన మోటారు లేవదు. వరి పొట్ట మీదుంది, మడి అప్పటికే నెర్రెలిస్తోంది. బోరు ఎండితే వెలిగేలా ఓ ఎర్రలైటు కూడా పెట్టి, కొత్త ప్రోగ్రాం ఎక్కించాను. తెల్లారి చూస్తే లైటు మిణుకుమంటోంది, మేం పరీక్షకు పెట్టుకున్న మోటారు మాత్రం లేవడం లేదు. సరిదిద్దుదామంటే డిబగ్గర్‌కు చిప్ దొరకలేదు. డిబగ్గర్ అంటే అగ్గిపెట్టెంత పరికరం. లాప్‌టాప్ నుంచి చిప్ లోపలికి పోవడానికి అదే దారి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు తీగలు మార్చాను, డిబగ్గరే మార్చాను. యాదగిరి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

“చిప్ పోయిందక్కా, మార్చాల్సిందే,” అన్నాను. కొత్తది హైదరాబాద్ నుంచి రావాలి, నాలుగు రోజులు.

అక్క మీటరు పెట్టి చూసింది. కరెంటు సరిగానే ఉంది. ఎర్రలైటు వైపు వేలు చూపించి, “సచ్చినోడు కన్ను కొడతడా? బతికే ఉన్నది. మనతోని ఎందుకు మాట్లాడతలేదో సూడాలె. చేతులు ఒళ్ళో పెట్టుకో. నిన్నటి సంది ఏం చేసినవో నోటితో చెప్పు,” అంది.

అది ఆవిడ పద్ధతి. చెప్పడం పూర్తయ్యేదాకా ఏదీ ముట్టుకోకూడదు. ఉక్రోషంగానే మొదలుపెట్టాను. ఎర్రలైటుకు చిప్ మీద పిన్ను ఖాళీ లేకపోతే డిబగ్గర్ తీగ తగిలే పిన్నునే వాడాననే దగ్గరికొచ్చి ఆగిపోయాను. తలుపు నేనే మూసి, తాళం పోయిందని గోల చేస్తున్నాను.

అక్క తిట్టలేదు. కళ్ళు చికిలించి, “అది మేలుకున్నంకనే గద తలుపేసుకుంటది? మేలుకోకముందే పట్టుకుంటే?” అంది.

చిప్‌ను నిద్రలో ఉంచే రీసెట్ బటన్ ఆవిడ నొక్కి పట్టింది. నేను కనెక్ట్ కొట్టగానే వదిలింది. రెండుసార్లు తప్పింది. మూడోసారి దొరికింది! ఇద్దరం చిన్నపిల్లల్లా కేక పెట్టాం. ఎర్రలైటు తీసేసి ప్రోగ్రాం సరిచేస్తే మోటారు లేచింది.

కార్డు యాదగిరికి ఇవ్వబోతూ, చిప్ వీకైందని చెప్పేద్దామని లోలోపల సిద్ధమవుతున్నాను. అక్కకు ఎలా తెలిసిందో ఏమో, “యాదగిరన్నకు నువ్వే చెప్పు. ఉన్నదున్నట్టు,” అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. “తప్పు నాదేనండీ. నేను రాసినదాంట్లోనే ఉంది,” అన్నాను.

ఆయన కార్డు తువ్వాలలో చుట్టుకున్నాడు. “దొరకకుంటె పరేషాన్ గాని, దొరికినంక ఏముంటది బిడ్డా? ఇగ నీళ్ళు పారిస్త,” అని బండి తీశాడు.

నేను భయపడినంత సేపు కూడా పట్టలేదు ఆయన క్షమించడానికి. ఇప్పుడు మిల్లు యజమానుల ముందు, నా కింద పనిచేసే కుర్ర ఇంజినీర్ల ముందు, “ఇది నేను చేసిన తప్పే” అనాల్సి వస్తుంటుంది. అన్న ప్రతిసారీ ఏదో ఒక సాకు నోటిదాకా వస్తుంది. అయినా మాట మార్చను.