జాజు అంటిన చేతులు

మొన్న పాల్వంచలో మా కొడుకు ఉండే కాలనీ గోడ మీద ఎవరో నెమళ్ళూ పువ్వులూ ముచ్చటగా గీసి పోయారు, గీసిందెవరో తెలియదు గానీ ఇకముందు తెలియాలని పక్క స్తంభానికి కెమెరా బిగించారు. కోడలు దాని గొప్ప చెబుతుంటే నా చూపు నా అరచేతుల మీదికి పోయింది.

మన వయసువాళ్ళకు వేరే చెప్పాలా, రెండువేల సంవత్సరం దాటిన ఆ తొలి ఏళ్ళలో జూలూరుపాడు అవతల మా అడవి అంచు పల్లెల్లో గోడను చూస్తేనే గుండె దడ. తెల్లారేసరికి దాని మీద అడవిలోని అన్నల ఎర్రటి అక్షరాలుంటే, చెరిపితే రాసినవాళ్ళతో తంటా, ఉంచితే పోలీసులతో తంటా. ఆ ఏడు బతుకమ్మ ముందర ఊరంతా గోడలకు పూతలు పెట్టుకుంటున్నాం. ఎర్రమన్ను గట్టు మీద నుంచి మోసుకొచ్చి, దంచి, జల్లించి నానబెట్టిన నా జాజు కుండ అరుగు మీద ఉంచి పడుకున్నాను. పొద్దున లేస్తే కుండ ఖాళీ, నా సున్నం గోడ నిండా బారెడేసి అక్షరాలు! రెండో తరగతి దాటనిదాన్ని, కూడబలుక్కుని చదివేలోపలే జీపు వచ్చింది. నిజం చెప్పొద్దూ, అప్పటికి నాకు భయం కన్నా జాజు దండుగైందన్న మంటే ఎక్కువ.

ఎస్సై మగవాళ్ళందరినీ నిలబెట్టి చేతులు చూపించమన్నాడు. ఆడవాళ్ళ చేతులు ఎర్రగా ఉన్నాయంటే పండుగ పని. మా దిక్కు మగవాడు జాజు ముట్టడు, ముడితే ఊరు నవ్వుతుంది. మా మరిది చేతులు వెనక్కి దాచుకున్నాడు. లాగి చూస్తే గోళ్ళ సందుల దాకా ఎరుపు. ఎంత అడిగినా తల దించుకున్నాడే గానీ నోరు విప్పలేదు. జీపెక్కమన్నారు. అట్లా ఎక్కినవాళ్ళు ఎప్పుడొస్తారో, ఎట్లా వస్తారో ఎవరూ చెప్పలేని రోజులవి. పచ్చి బాలింత నా తోటికోడలు, బిడ్డను వదిలి వచ్చి గడప పట్టుకుని నిలబడింది.

ఆమెను చూడగానే నాకు తట్టింది. బాలింత తడి ముట్టకూడదు, పండుగకు గోడ పూత లేకుండా ఉండకూడదు, నన్నడిగితే నాలుగు మాటలంటానని భయం. ఇక తలుపేసుకుని పెళ్ళాం పని తనే చేసి ఉంటాడు. జీపుకు అడ్డం పోయాను.

"సారూ, ముందు వీళ్ళ అర్ర గోడ చూడుండ్రి. పూతనే రాని చెయ్యి బయట గంత తీరుగ రాస్తదా?"

లోపల పూత ఒకచోట చిక్కగా, ఒకచోట పలుచగా, పాము పారినట్టు వంకరలు, మధ్యలో అరచేతి అచ్చులు. బయటి అక్షరాలేమో అచ్చు పోసినట్టున్నాయి. వెనక నుంచి మా అత్త అందుకుంది: "ఓరి నీ పాసుగాల, గోడ పూసినవా, బురదల పొర్లినవా?" ఒక కానిస్టేబులు నవ్వు ఆపుకోలేకపోయాడు. ఎస్సై మాత్రం నవ్వలేదు. గోడను చూసి, మా మరిది మొహం చూసి, వదిలెయ్యమన్నాడు. నాతో దగ్గరుండి గోడకు సున్నం కొట్టించి పోయాడు.

రాసిందెవరో నేటికీ తెలియదు. పండుగ పొడుగునా ఆడవాళ్ళు మరిదిని మా గోడ కూడా పూసి పో అని ఆటపట్టించారు, నవ్వుతూ మాటలు పడ్డాడు పాపం.

ఇప్పుడక్కడ స్లాబు ఇల్లు లేచింది. కూలివాళ్ళు వచ్చి రంగు కొట్టి పోతారు, ఏ గోడ మీదా ఎవరి చెయ్యీ కనబడదు. కెమెరాకు మొహాలు తెలుస్తాయేమో గానీ, మనిషి చేతి వంకర చూసి వాడు ఎటువంటివాడో పోల్చుకునే కన్ను దానికెక్కడిది? చిరిగిన గోనెపట్టా కూడా పారేయని పిసినారినని నాకు పేరు. మట్టిల్లు కూల్చిన రోజున ఆ అరచేతి అచ్చున్న మట్టిపెళ్ళ ఒక్కటి మాత్రం దాచుకోవాలని తోచలేదు.