ఎవరూ అడగని డబ్బా

మందుల కొట్టాయన్ని మా వీధిలో అందరూ బాబాయనే పిలుస్తారు. నవ్వుతూ అడిగిన మనిషిని కాదనడం ఆయన వల్ల కాదు. కొట్లో దగ్గు మందు సీసాలు గోడెత్తున పేరుకున్నాయంటే అది మా వీధి దగ్గు మహిమ కాదు. ఆ కంపెనీ మనిషి వచ్చినప్పుడల్లా బాబాయి మోకాలి నొప్పి గురించి ఆరా తీస్తాడు. పిన్ని ఆ ఊసెత్తడం ఎప్పుడో మానేసింది మరి.

మొదట్నుంచీ సరుకు వేసేది పాత హోల్‌సేల్ ఆయన. ఫోనెత్తి "చెప్పు" అంటాడు, చెప్పగానే పెట్టేస్తాడు. కానీ గడువు దాటిన మందులు గొణక్కుండా వెనక్కి తీసుకుంటాడు, నెలకొక్కరు అడిగే మందు కూడా గుర్తుపెట్టుకుని పంపుతాడు. మా వీధి చివర బట్టలు కుట్టే అక్కయ్య వాడే ఫిట్స్ మాత్రలు అలాంటివే.

అంతలో ఒక పెద్ద ఏజెన్సీ మనిషి వచ్చాడు. బాబాయిని "గురువుగారూ" అన్నాడు. పది డబ్బాలకు ఒకటి ఉచితమన్నాడు. బాబాయి కరిగిపోయాడు. జ్వరం, గ్యాస్, షుగరు మందుల కొనుగోలంతా అటు మళ్ళింది. బొత్తిగా కదలని మందులే పాతాయనకు మిగిలాయి.

పాతాయన పల్లెత్తు మాట అనలేదు. ఆ నెల ఫిట్స్ మాత్రలకు కొరత వచ్చింది. ఉన్నవాటిని ఆయన తన దగ్గరే అన్నీ కొనే కొట్లకు పంచేశాడు. ఆయనకు ఫోన్ చేయడానికి బాబాయికి మొహం చెల్లలేదు. ఏజెన్సీ మనిషిని అడిగితే "రేపు, గురువుగారూ" అన్నాడు. ఆ రేపునే బాబాయి అక్కయ్యకు అందించాడు. వేరే కొట్లో చూసుకోమనడానికీ నోరు రాలేదు. "నీకెందుకమ్మా తిరుగుడు, నేనే పంపిస్తాగా" అన్నాడు.

అక్కయ్య నమ్మింది. ఉన్న మాత్రల్ని రోజు విడిచి రోజు వేసుకుంది. ఒక మధ్యాహ్నం మిషన్ మీదే ఫిట్స్ వచ్చాయి. సూది వేలిలోంచి దిగిపోయింది.

బాబాయి ఆ సాయంత్రమే హోల్‌సేల్ గోడౌన్‌కు పరుగెత్తాడు. అంతా విని పాతాయన లోపలికెళ్ళి ఒక డబ్బా తెచ్చాడు.

"ఇది దెబ్బతిన్న సరుకుతో పాటు పక్కన పెట్టింది. అట్ట నలిగింది, మాత్రలు బాగానే ఉన్నాయి. ఒక్క ఫోన్ చేస్తే ఆ రోజే వెతికిచ్చేవాణ్ణి కదయ్యా. నేనేమన్నా కరుస్తానా?"

బాబాయి తల వంచుకుని డబ్బా తీసుకున్నాడు.

బాబాయి ఇంటికెళ్ళేసరికి అక్కయ్య కట్టు కట్టిన చేయి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. డబ్బా చూసి, కోపమేమీ లేకుండానే చెప్పింది.

"వద్దు బాబాయ్, మా ఆయన మార్కెట్ దగ్గర కొట్లో తెచ్చాడు. ఇకనుంచి అక్కడే తీసుకుంటాం. వాళ్ళు లేకపోతే లేవనే చెప్తారు."

బాబాయి కొనుగోళ్ళన్నీ మళ్ళీ పాతాయన దగ్గరకే మారాయి. ఆయన మామూలుగానే ఫిట్స్ మాత్రల డబ్బా పంపుతున్నాడు. బాబాయి దాన్ని చేతికందేలా, కౌంటరు పక్కనే పెట్టుకుంటాడు. వీధిలోంచి మిషన్ చప్పుడు వినిపిస్తే అటు చూస్తాడు. గడువు దాటాక పాతాయన దాన్ని పట్టుకుపోతాడు, ఏమీ అడగకుండా కొత్తది పెట్టి వెళ్తాడు.