కరువు సారు స్నానం

నేను పనిచేసేది ఆఫ్రికా కరువు మీద. కూర్చునేది బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో. ఢిల్లీలోని ఒక పరిశోధన సంస్థ రాసే నివేదికల్లో ఇంగ్లీషు సరిదిద్ది పంపడం నా ఉద్యోగం. వానలు లేక, మేకలు చచ్చిపోయి, బొగ్గులు కాల్చి అమ్ముకుంటున్న మనిషిని మా నివేదికల్లో ‘జీవనోపాధిని వైవిధ్యపరచుకున్న రైతు’ అంటారు. ఆ మాట పక్కన కామా సరిగా ఉందో లేదో చూడడం నా వంతు.

ఆ సంస్థ పెద్దాయన, మా సార్, మొన్న వేసవిలో ఇక్కడి కాలేజీలో ఉపన్యాసానికి వచ్చారు. హోటల్ వద్దన్నారు. మామూలు మనుషుల మధ్య ఉంటేనే విషయం అర్థమవుతుందని పొద్దున్నే రైలు దిగి తిన్నగా మా ఇంటికే వచ్చేశారు.

ముందురోజు నుంచీ మా క్వార్టర్ల లైన్లో కుళాయి రావడం లేదు. బాత్రూంలో ఉన్న డ్రమ్ము నీళ్లే ఇంటిల్లిపాదికీ ఆధారం. ఆ సంగతి చెప్పేలోపే సార్ లోపలికి వెళ్లి గడియ పెట్టుకున్నారు. పాట మొదలైంది. మగ్గు చప్పుడు ఎంతకీ ఆగదు.

అమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది. “ఒలే, మీ సారు తానం సేత్తన్నాడా, ఏనుగుని కడుగుతన్నాడా?”

సార్ మెరిసిపోతూ వచ్చి ఉప్మా ముందు కూర్చున్నారు. ఆఫ్రికాలో ఎండిన నేలల్లో ఒక కుటుంబం ఒక్క డబ్బా నీళ్లతో ఎలా గడుపుకొస్తుందో చెప్పారు. చెబుతూ చెబుతూ నిజంగానే ఉప్మా తినడం మరిచిపోయారు. అమ్మ వెళ్లి ఖాళీ డ్రమ్ము చూసి వచ్చి, బిందె అందుకుంది. పక్క లైను బోరింగుకి వెళ్తోందని చెప్పగానే సార్ కళ్లు వెలిగాయి.

“నేనూ వస్తాను. కొన్ని ఫొటోలు కావాలి.”

బోరింగు దగ్గర ఆడవాళ్లంతా వరసలో ఉన్నారు. సార్ అమ్మని హిందీలో అడిగారు. “కష్టకాలంలో మీరు పాటించే వ్యూహం ఏమిటి?”

అమ్మ హిందీ నాకంటే జోరుగా మాట్లాడుతుంది. అయినా నావైపు తిరిగి తెలుగులో అంది. “ఈవేల మా కస్టం ఈయనే అని సెప్పు.”

“ఇక్కడ అతిథి మర్యాద చాలా ముఖ్యమట సార్.”

“అచ్ఛా!” అంటూ ఆయన ఫోన్లో రాసుకున్నారు. వరసలో తెలుగు తెలిసినవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అమ్మ వంతు వచ్చింది. “సూత్తావేటే? నీల్లన్నీ ఒంపేసింది ఆయనే కదా. ఆయన్నే కొట్టమను.”

“మీరు కూడా పాల్గొనాలంటోంది సార్” అన్నాను. ప్రజలతో కలిసి పాల్గొనడం గురించి ఆయన రాయని పుస్తకం లేదు. తప్పించుకోలేకపోయారు.

మొదట గాలి వచ్చింది. తర్వాత తుప్పు నీళ్లు. బిందె సగమయ్యేసరికి సార్ చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. రొప్పుతూ, ఇంకా ఎంతసేపని నన్ను అడిగారు.

“డ్రమ్ము నిండేదాకా భయ్యా” అని అమ్మే హిందీలో జవాబిచ్చింది. సార్ అమ్మని చూశారు, తర్వాత నన్ను చూశారు. ఉపన్యాసానికి ఆలస్యమవుతోందన్నారు. ఇంకోసారి స్నానం చేసి బయలుదేరతానని కూడా అన్నారు. అమ్మ వెంటనే ఆటో పిలిచి, స్టేషన్ దగ్గర మంచి హోటళ్లున్నాయని చెప్పి ఎక్కించింది.

మధ్యాహ్నం కాలేజీ వేదిక మీద సార్ అరచేతులు చాపి బొబ్బలు చూపించారు. ఆడవాళ్ల నీటి భారం స్వయంగా మోశానన్నారు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. జీతం అక్కణ్ణించే వస్తోంది మరి.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది. “ఏటన్నాడే మీ సారు?”

“నీళ్లు పొదుపుగా వాడుకోవాలన్నారు.”

అమ్మ గుమ్మంలోనే చతికిలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.