కొంగ బొమ్మ తీసేసిన యాప్

అహ్లోన్ రేవు వీధిలో ఫోన్లు బాగుచేసే ధనరాజ్‌కు వాన పడుతుంటే పని సాగదు. చేతిలో స్క్రూడ్రైవర్ ఉంటుంది, మనసు నది మీద ఉంటుంది. తెలుగునేల నుంచి ఓడెక్కి వచ్చిన తాత బియ్యం బస్తాలు మోసిన ఆ నీళ్ళ గట్టున, తెలుగు వత్తులు అక్షరాల నుంచి చినుకుల్లా జారి కొట్టుకుపోతున్నట్టు కనిపించేది. అది ఉత్త కలేం కాదు. పుస్తకాలు చదివే హెరన్ అనే యాప్‌లో తెలుగు పేజీ తెరిస్తే వత్తులు సగానికి తెగిపోయేవి.

ఎక్కడో దూరదేశాల వాళ్ళు దాన్ని రాసి, కోడంతా అందరికీ విడిచిపెట్టారు. ధనరాజ్ ఆ కోడు దించుకుని, వరసల మధ్య ఎడం పెంచి, అక్షరాలు పెద్దవి చేసి, గుళ్ళో భజనకొచ్చే ఆడవాళ్ళ ఫోన్లలో ఎక్కించాడు. వాళ్ళలో అప్పలమ్మ పిన్ని, తల నెరిశాక గుడి ఆదివారం బడిలో అక్షరాలు దిద్దుకున్న మనిషి. యాప్ గుర్తయిన తెల్లకొంగ బొమ్మ నొక్కి, పాట చూసి పాడుతుంటే ఆవిడ గొంతే మారిపోయేది.

పేరూ బొమ్మా మాత్రం ధనరాజ్ ముట్టుకోలేదు. చేసినవాళ్ళ పేరు నిలబెట్టడం మర్యాద అనుకున్నాడు.

ఆ మర్యాద మీదే యాప్ రాసినవాళ్ళ నుంచి మెయిలొచ్చింది. ఇతను మార్చిన యాప్ చేతులు మారి మాండలే దాకా వెళ్ళి, అక్కడ ఎవరి ఫోన్లోనో మొరాయిస్తే, ఆ మనిషి అసలువాళ్ళకు ఫిర్యాదు చేశాడట. తమది కాని తప్పు కోసం వాళ్ళు తెగ వెతికారట. కోడు మార్చుకోండి, పంచుకోండి. మార్చినదాన్ని మా పేరుతో, మా కొంగతో మాత్రం పంచవద్దు, అని నెమ్మదిగానే రాశారు.

ధనరాజ్ మనసు చివుక్కుమంది. పిన్నికి దొంగ యాప్‌లంటే హడల్. తెలియని బొమ్మ కనిపిస్తే తీసిపారేస్తుంది, దానితో చదువూ పోతుంది. ఊరుకుంటే మాత్రం అహ్లోన్ దాకా వచ్చి చూసేదెవరు?

ఛార్జర్ కోసం వచ్చిన పిన్నితో ఆ మాటే అన్నాడు.

"వోళ్ళ పేరు నిలబెడితే తప్పేటి పిన్నీ?"

"నా మనవడికి మీ బాబాయి పేరే ఎట్టేం కదా. ఆడు తాగీసి రేవులో పొర్లితే ఊరంతా ఎవుల్ని తిట్టింది? సచ్చిపోయిన మీ బాబాయిని!"

"కొంగ లేపోతే నువ్వు తీసీస్తావు కదా మరి."

"ఏ బొమ్మెడతావో సూపించు ముందు. నచ్చకపోతే తీసీస్తాను, నాకు బయమేటి?"

బయట నదీ ఆకాశమూ ఒకే బూడిదరంగులో కలిసిపోయాయి. ఆవిడ బుగ్గ మీద, చెక్క అరగదీసి రాసుకున్న తనాకా పూత ఒక్కటే లేతపసుపు చందమామలా తేలుతోంది. ధనరాజ్ దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

యాప్‌కు 'సదువు' అని పేరు పెట్టాడు, పిన్నీవాళ్ళు పలికినట్టే. ఇది హెరన్ కోడు నుంచి పుట్టిందన్న మాటా, దాని లైసెన్సూ లోపలి పేజీలో ఉంచాడు. భజన రోజున అందరి ఫోన్లలోంచీ కొంగను ఎగరగొట్టి కొత్తది ఎక్కించాడు.

పిన్ని వేలు తెర మీద తడుముకుంది, ఆగింది.

"ఇదేట్రా, తనాకా? ఎవుల బుగ్గ?"

"నీదే."

"నా బుగ్గ ఇంత సక్కగా ఉంటాదా! ఒలే పద్మినీ, ఇటు సూడే!" అని పక్కావిడను పిలిచి, నవ్వుతూనే నొక్కింది. వత్తులన్నీ ఒత్తుగా నిలబడ్డాయి. పాట ఎత్తుకుంది.

సగంలో ఆగిపోయింది. "ఒరే, పేజీ తిరగట్లేదు. ఆ కొంగోళ్ళకి సెప్పాలేటి?"

"కాదు పిన్నీ, నాకే సెప్పాల," అంటూ ధనరాజ్ ఫోనందుకున్నాడు.